పూటకు నాలుగు సోలలు

చేయవలసిన పనులు:

ఒకటి. రాత్రి పడుకునే ముందు చింతపండు నానేయాలి.

రెండు. బియ్యం పూటకు నాలుగు సోలలు. కొలిచినంక చేతితో తియ్యొద్దు, చేతితో వెయ్యొద్దు.

మూడు. బియ్యం కడిగిన రెండో నీళ్లు పారబొయ్యొద్దు. పప్పు ఆ నీళ్లలోనే ఉడకాలి.

నాలుగు. పప్పు రెండు పొంగులు రాగానే దించి నూలు గంపలో పెట్టాలి. గంట దాకా మూత తియ్యొద్దు.

ఐదు. సోమవారం తోటకూర పప్పు. మంగళవారం పచ్చిపులుసు. బుధవారం ఆనిగెపుకాయ. గురువారం టమాట తొక్కు. శుక్రవారం వంకాయ. శనివారం మిగిలినవన్నీ కలిపి పులుసు. ఆదివారం గుడ్లు.

ఆరు. ముసలమ్మకు అన్నం మెత్తగా, వేరే గిన్నెలో.

ఏడు. మామ పనికి పోయే ముందు సల్ల తాగాలి. అడిగితే వద్దంటాడు. అడగొద్దు, చేతికివ్వాలి.

ఎనిమిది. మూలకున్న మక్కరవ్వ కుండ ముట్టొద్దు. అది నాది.

ఈ ఎనిమిది మాటలు రుక్కమ్మ చెబుతుంటే ఆమె కోడలు మాధవి గడప మీద కూర్చొని పాత నోటుబుక్కు అట్ట వెనుక రాసుకుంది. సిరిసిల్లలో అప్పుడు ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె పదిహేనో రోజు నడుస్తోంది. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. బడులు బంద్. బొగ్గు బాయిలు బంద్ కావడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు లేకపోతే సాంచలు నడవవు. పొద్దూమాపూ టకటకలాడే మరమగ్గాల వాడ అది. ఆ చప్పుడు ఆగేసరికి మనుషులు ఒకరితో ఒకరు మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అట్లాంటి రోజుల్లో కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. రుక్కమ్మ పెద్ద బిడ్డ నీలకు రెండో కాన్పు. అత్తలేని ఇల్లు, చూసుకునే ఆడదిక్కు లేదు. వేములవాడ దాకా పోయే డీసీఎం వ్యాను ఒకటి దొరికింది. అక్కడి నుంచి ఏదో ఒకటి దొరక్కపోదని రుక్కమ్మ సంచి సర్దుకుంది.

"రాసినవా?"

"రాసిన అత్తమ్మ. ఎనిమిది."

"ఏదీ, సదువు."

మాధవి చదివింది. రుక్కమ్మ కళ్లు మూసుకొని విన్నది. ఆమెకు అక్షరం రాదు. అయినా ఎక్కడన్నా మాట జారితే పట్టుకునేదానిలాగా చెవి ఒగ్గింది.

"మక్కరవ్వ కుండెందుకు ముట్టద్దు?" అని మాధవి నవ్వుతూ అడిగింది. "అండ్ల ఏమన్న బంగారం దాసినవా?"

"బంగారమే అనుకో. నువ్వు ముట్టకు, గంతే."

వ్యాను కదులుతుంటే తల బయటపెట్టి అరిచింది: "నాలుగు సోలలు! యాదున్నదా?"

మాధవి జగిత్యాలలో బీకాం చదివిన పిల్ల. వాళ్ల పుట్టింట్లో డిగ్రీ అనే మాట ఆమెతోనే మొదలైంది. పెళ్లయి రెండేళ్లు కావస్తున్నా ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పడమే తప్ప ఈ ఇంటి పొయ్యి బాధ్యత ఆమె మీద ఎప్పుడూ పడలేదు. వాడలో ఆమెకు 'డిగ్రీ పిల్ల' అనే పేరు. పొగడ్తకు ఎంతమంది అనేవారో, ఎత్తిపొడుపుకు ఎంతమంది అనేవారో ఆమెకు తెలుసు.

ఇంట్లో ఏడుగురు. మామ భూమయ్య, అత్త రుక్కమ్మ, మామ తల్లి అయిన ముసలమ్మ, భర్త మొగిలి, ఇద్దరు మరుదులు, తాను. ఇప్పుడు రుక్కమ్మ పోయింది కాబట్టి ఆరుగురు. చదువుకున్న పిల్ల గదా, మొదటి రోజే లెక్క వేసింది. ఏడుగురికి నాలుగు సోలలైతే ఆరుగురికి మూడున్నర కంటే తక్కువే చాలు. సరే, మూడున్నర కొలిచి వండింది.

చాలలేదు. చిన్న మరిది కంచం గీకుతూ కూర్చున్నాడు. మొగిలి "కడుపు నిండింది" అని లేచాడు గానీ అది అబద్ధమని ఆమెకు తెలిసింది.

"కొత్త చెయ్యి," అని ముసలమ్మ తీర్పు చెప్పింది. "రుక్కి చేతిల బర్కతున్నది. నీకు ఇంక రావాలె."

అత్త చేతిలో ఉన్న ఆ వృద్ధి తన చేతికి ఇంకా రాలేదన్నది మాధవికి నిజమనిపించింది. గంజి ఎక్కువ వంచానేమో, అన్నం విచ్చుకోలేదేమో అనుకుంది. మరునాటి నుంచి అత్త చెప్పినట్టే నాలుగు సోలలు పోసింది. సరిగ్గా సరిపోయింది. మెతుకు మిగలలేదు, ఎవరికీ తక్కువ కాలేదు. అత్త మాట జవదాటగూడదని మనసులో చెంపలు వేసుకుంది.

ఇక నూలు గంప సంగతి. సాంచల కింద రాలిన వేస్టు నూలును రుక్కమ్మ ఒక పెద్ద వెదురు గంపలో కూరి పెట్టింది. నడుమ కుండ పట్టేంత గుంట. నానిన పప్పు రెండు పొంగులు రాగానే దించి ఆ గుంటలో కూర్చోబెట్టి, పైన ఇంకింత నూలు, ఆపైన పాత బొంత కప్పాలి. మొదటి రోజు మాధవి నమ్మలేదు. పొయ్యి లేదు, మంట లేదు, పప్పెట్లా ఉడుకుతుంది? గంట తర్వాత మూత తీస్తే గుప్పున ఆవిరి ముఖానికి కొట్టింది. గరిటె వెనుకతో ఒక్కసారి నొక్కగానే పప్పు వెన్నలా కరిగింది. ఆమె ఆ కుండ ముందు కూర్చొని కాసేపు లేవలేదు.

నాలుగు రోజులు గడిచేసరికి ఆ చిట్టా ఆమెకు వేరేగా కనిపించసాగింది. మంగళవారం పచ్చిపులుసు ఎందుకు? పొయ్యి అక్కర్లేని కూర కాబట్టి వారానికి ఒక పూట కట్టెలు మిగులుతాయి. బుధవారమే ఆనిగెపుకాయ, అదే సొరకాయ, ఎందుకు? కాయ సగం బుధవారానికి, మిగిలిన సగం శనివారం పులుసులోకి. గురువారం తొక్కు ఎక్కువ నూరితే శుక్రవారం వంకాయలో కూరడానికి అదే మసాలా. ఒక్కటీ ఊరికే చెప్పిన మాట కాదు. పుస్తకం చేతబట్టని మనిషి ఏడు రోజులను ఒకదానిలో ఒకటి అమర్చిపెట్టింది. మాధవి కాలేజీలో మూడేళ్లు చదివింది గానీ ఇట్లాంటి అమరిక ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఒకరోజు వాడ పెద్దమనిషి వచ్చి భూమయ్యతో చెప్పాడు. "ఆదివారం వంటావార్పు మన వాడ వంతు. సిద్దిపేట రోడ్డు మీద. మూడు వందల యాభై మందికి."

వంటావార్పు అంటే అప్పుడు తెలంగాణలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతారు, రోడ్డు మీదనే బంతులు తీరి తింటారు. అన్నం తినే జాగాలో బండి పోదు. అదే కొట్లాట.

"రుక్కమ్మ లేకపాయె," అన్నాడు పెద్దమనిషి. "పోయినసారి ఆమె చేతి మీదనే అయింది. ఒక్కడు కూడ ఆకలితోని లేవలే."

ఆ రాత్రి మాధవి ఫోన్ చేస్తే పసిపిల్ల ఏడుపులో రుక్కమ్మకు ముందు కోడలి మాట వినిపించలేదు. నీలకు ఆడపిల్ల పుట్టిందట. వంటావార్పు సంగతి మళ్లీ చెబితే విన్నది.

"నాకు రానికి బండ్లేదు బిడ్డ. నువ్వే చెయ్యి."

"నేనా? మూడు వందల యాభై మందికా అత్తమ్మ?"

"ఇంట్ల చేస్తలేవా? గదే. కుండ పెద్దగైతది, గంతే. ఒక్కటి యాదుంచుకో. మొదటి బంతోల్లు ఎట్ల తిన్నా తింటరు. ఆఖరి బంతి జూసుకో. ఆఖరికి కూసున్నోడు ఆకలితోని లేస్తే మనం వండనట్టే."

మాధవి కాగితం తీసింది. ఏడుగురికి నాలుగు సోలలు. మూడు వందల యాభై అంటే యాభై ఏడులు. యాభై నాలుగులు రెండు వందలు. రెండు వందల సోలల బియ్యం. లెక్క ఎంత చక్కగా తెగిందంటే ఆమెకు ముచ్చటేసింది.

బియ్యం ఇంటింటికీ తిరిగి పోగు చేశారు. రేషన్ బియ్యం ఇంకా రాలేదు. ఎవరి డబ్బాలో చూసినా అడుగే కనిపిస్తోంది. అయినా ఎవరూ లేదనలేదు. ఎదురింటి కనకవ్వ, రుక్కమ్మ ఈడుది, నోరు గడుసుది, చాటలో బియ్యం తెచ్చి పోస్తూ అన్నది:

"ఏం పిల్లా, రెండు నూర్లేనా? ఇంకో పది సోలలు ఎక్కువ పొయ్యి. మంది ముందట ఇజ్జత్ పోతది."

"లెక్క జూసిన పెద్దమ్మ. సరిపోతది."

"కాయితం మీద సరిపోతది. కాయితం అన్నం తినదు."

ఆడవాళ్లందరూ నవ్వారు. మాధవి ముఖం ఎర్రబడింది. కానీ సోల ఎక్కువ పొయ్యలేదు. అత్త చెప్పిన మాట: చేతితో తియ్యొద్దు, చేతితో వెయ్యొద్దు.

ఆదివారం పొద్దున్నే రోడ్డు మీద ఆరు పొయ్యిలు వెలిగాయి. అన్నానికే ఆరూ కావాలి, మరి పప్పు ఎక్కడ? మాధవి సాంచల షెడ్ల నుంచి వేస్టు నూలు గోనెల కొద్దీ తెప్పించింది. తెల్లవారక ముందే రెండు పొంగులు తెప్పించిన పప్పు గుండిగలను నూలులో పాతిపెట్టి బొంతలు కప్పింది.

"పప్పుకు సలివెడుతున్నదా?" అని కనకవ్వ.

మళ్లీ నవ్వులు. కానీ మూతలు తీసినప్పుడు ఆవిరి లేచింది చూడండి, నవ్విన వాళ్లే దగ్గరికి వచ్చి తొంగిచూశారు. కనకవ్వ గరిటెతో ఒకసారి తిప్పి, నోట్లో వేసుకొని, "రుక్కి పప్పే," అన్నది. ఆ మాటతో మాధవికి ధైర్యం వచ్చింది.

డప్పులు మోగాయి. బంతికి యాభై మంది. మొదటి బంతి లేచింది, రెండోది లేచింది. జనం పాటలు పాడుతున్నారు, అటూ ఇటూ ఆగిపోయిన లారీల డ్రైవర్లు కూడా విస్తరి ముందు కూర్చున్నారు. ఐదో బంతికి గుండిగలు తేలికయ్యాయి. ఆరో బంతి సగంలో ఉండగా మాధవి ఆఖరి గుండిగలో గరిటె పెట్టింది. గరిటె అడుగుకు తగిలి గర్రుమంది.

ఏడో బంతి అప్పటికే కూర్చుంది. ఎల్లారెడ్డిపేట దిక్కు నుంచి ట్రాక్టర్లలో వచ్చిన కూలీలు వాళ్లు. పొద్దున బయలుదేరారు, ఎండలో ఊరేగింపులో నడిచారు. ఎవరో ముందే విస్తర్లు వేసి నీళ్లు చల్లారు. యాభై విస్తర్లు, తడిగా, ఖాళీగా. వాళ్ల వెనుక, అందరూ తిన్నాకే తింటానని ఆగిన మామ భూమయ్య నిలబడి ఉన్నాడు.

కొట్లు బంద్. వాడలో బియ్యం లేవు. మాధవికి అత్త మాట గుర్తొచ్చింది. 'ఆఖరికి కూసున్నోడు ఆకలితోని లేస్తే మనం వండనట్టే.'

ఎక్కడ తప్పింది? గంజి వంచడం ఆమె ఒక్కతే చెయ్యలేదు, చెయ్యి తిరిగిన ఆడవాళ్లు పదిమంది వంచారు. కొత్త చెయ్యి అనడానికి లేదు. రెండు వందల సోలలు నిండుగా కొలిచింది. ఆరు బంతులు తిన్నాయి. ఆరు. మూడు వందల మంది. ఆరుగురికి నాలుగు సోలల చొప్పున.

ఆరుగురికి.

రుక్కమ్మ పోయినంక ఇంట్లో ఆరుగురే. అయినా నాలుగు సోలలూ సరిగ్గా చెల్లుతున్నాయి. రుక్కమ్మ ఉన్నప్పుడూ నాలుగే. అంటే ఆ నాలుగు సోలల్లో ఏడో మనిషి ఎన్నడూ లేదు.

పెరట్లో గోడకు ఆనుకొని, మట్టి చిప్ప ఒళ్లో పెట్టుకొని, మక్కరవ్వ ఉడికించిన గటక తినే అత్త కళ్లముందు మెదిలింది. అన్నం పెట్టబోతే ఒక్కటే మాట: "నాకు గటకంటెనే పానం. మీ అన్నం నాకు సప్పగుంటది." అందరూ నమ్మారు. పాత మనిషి, పాత రుచి అనుకున్నారు. మాధవి కూడా నమ్మింది.

మూలకున్న మక్కరవ్వ కుండ. అది నాది.

"ఆగుండ్రి! లేవకుండ్రి!" అని ఏడో బంతికి చెప్పి, మాధవి కొంగు బిగించి ఇంటికి ఉరికింది. రెండు సందులు దాటి, వంటింట్లోకి పోయి, ముట్టొద్దన్న కుండను ఎత్తింది. మూత తీస్తే పసుపుపచ్చని మొక్కజొన్న రవ్వ, సగానికి ఎక్కువే ఉంది. పది మందికి వస్తే గొప్ప. అయినా చంకనెత్తుకొని రోడ్డు మీదికి వచ్చింది.

"ఎసరు పెట్టుండ్రి పెద్దమ్మ. గటక చేద్దాం."

కనకవ్వ ఆ కుండను చూసి ఆగిపోయింది. "గది రుక్కి కుండ గద?"

"నీకెట్ల ఎరుక?"

కనకవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది. "గంభీరావుపేట మక్క చెల్కలల్ల ఇద్దరం కలిసే కంకులేరినం. కోతలైనంక పడ్డయి పడ్డట్టు ఇడిసిపెడ్తరు. ఏరుకొచ్చి ఇసిరిచ్చుకున్నం."

"గట్లయితె నీ ఇంట్ల..."

కనకవ్వ చీర కుచ్చెళ్లు దులుపుకొని లేచి ఇంటి దిక్కు నడిచింది. ఆమె వెనుక ఇంకో ముసలామె లేచింది. ఆమెను చూసి మరొకామె. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

ఆ తర్వాత జరిగింది మాధవి జన్మలో మరిచిపోలేదు. సందుల్లో నుంచి ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఒకామె తల మీద మట్టికుండ. ఒకామె చేతిలో నూనె డబ్బా. ఒకామె కొంగులో మూట. కనకవ్వ చంకలో, మూతి విరిగిన పాత బిందె. అన్నిటిలోనూ అదే పసుపుపచ్చని రవ్వ. అత్త కుండతో కలిపి మాధవి లెక్కపెట్టింది. పంతొమ్మిది. పంతొమ్మిది ఇండ్లలో పంతొమ్మిది మూలలకు, ముట్టొద్దని చెప్పిన పంతొమ్మిది కుండలు. సమ్మె మొదలై సాంచలు ఆగిన నాటి నుంచి ఆ ఇండ్లలో అత్తలెవరూ అన్నం తినలేదు. ఒక్క ఇంట్లోనూ, ఒక్క మనిషికీ ఆ సంగతి తెలియదు.

కోడళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. కొడుకులు తమ తల్లుల చేతుల్లో ఆ కుండలను చూశారు. డప్పు కొట్టేవాళ్ల చేతులు వాటంతట అవే ఆగాయి.

"ఏందే గట్ల జూస్తున్నరు, సినిమానా?" అని కనకవ్వ కసిరింది. "కట్టె తిప్పుండ్రి, ఉండలు గడ్తది!"

గటకకు ఎంతసేపు? మరిగే నీళ్లలో రవ్వ పోస్తూ ఒకరు, కట్టెతో తిప్పుతూ ఇంకొకరు. ముందు రోజు రాత్రే చింతపండు నానేసి ఉంది, పడుకునే ముందు నానేయాలన్న మొదటి మాట మాధవి మరవలేదు గదా. ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి నలిపి, ఉల్లిగడ్డలు తరిగి, పొయ్యి అక్కర్లేకుండానే పచ్చిపులుసు కలిపారు. అరగంటలో ఏడో బంతి విస్తర్ల మీద పొగలు కక్కే గటక పడింది.

ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకొని గట్టిగా అన్నాడు: "ఏమయ్యా, ముందుగాల కూసున్నోల్లకు ఉత్త అన్నం బెట్టి, మాకు మంచిది దాసి పెట్టిండ్రా? చిన్నప్పుడు మా అవ్వ పెట్టింది. మల్ల గిప్పుడే."

బంతంతా నవ్వింది. ఇంకో ముద్ద, ఇంకో గరిటె అని అడిగారు. మొదటి బంతుల్లో తిన్నవాళ్లు కూడా చేతులు చాపారు. యాభై మందీ కడుపునిండా తిని లేచారు. ఆ తర్వాత కూడా గుండిగలో మిగిలింది.

భూమయ్య చివరికి విస్తరి ముందు కూర్చున్నాడు. మాధవి గటక పెట్టి పచ్చిపులుసు పోసింది.

"గా కుండ మనదేనా?" అని అడిగాడు ఆయన, తలెత్తకుండా.

"అత్తమ్మది మామ."

"గటకంటె ఇష్టమని చెప్పింది."

"అవు మామ. నాకు గూడ గదే చెప్పింది."

ఆయన విస్తరిలో ఒక్క పలుకు కూడా వదలలేదు.

రాత్రి రుక్కమ్మే ఫోన్ చేసింది. మంచీచెడ్డా లేదు, మొదటి మాటే అది: "ఆఖరి బంతి?"

"కడుపునిండ తిని లేచిండ్రు అత్తమ్మ."

"మంచిగైంది."

"అత్తమ్మ, నేను కుండ ముట్టిన."

కోరుట్లలో పసిపిల్ల ఊఁ ఊఁ అంటోంది. మాధవే మళ్లీ అంది:

"నీ ఒక్కదానిదే గాదు. వాడల పంతొమ్మిది ఎల్లినయి."

"పంతొమ్మిదా?" అన్నది రుక్కమ్మ. ఆమెకు కనకవ్వ కుండ ఒక్కటే తెలుసు. "గందరా?"

అంతలోనే రుక్కమ్మ మళ్లీ అత్తగారైంది. "ముట్టద్దంటె ముట్టినవు. సరే గని, కుండ అట్లనే పెట్టకు. మంచిగ కడిగి ఎండకు బోర్లియ్యి, పురుగు బడ్తది."

ఫోన్ పెట్టేశాక మాధవి నోటుబుక్కు అట్ట తీసింది. ఎనిమిదో మాటను అడ్డంగా కొట్టేసింది. దాని కింద, మంగళవారం, శుక్రవారం రాత్రిపూట ఇంటిల్లిపాదికీ గటక అని రాసింది. ఆ రెండు పూటల బియ్యం మిగిలితే తక్కిన పూటలన్నీ నాలుగు సోలల మీద ఇంకొంచెం కొలవొచ్చు. రెండో మాట దగ్గర 'పూటకు నాలుగు సోలలు' కొట్టేసి, నాలుగు సోలలు నిండుగా, మీద రెండు దోసిళ్లు అని దిద్దింది. పక్కన రాసింది: ఏడుగురికి.

రుక్కమ్మ ఇరవై రోజులకు ఇంటికి తిరిగి వచ్చింది. చిట్టా చదివించుకొని, "ఎవరు చెప్పిండ్రే గిట్ల దిద్దుమని?" అని నాలుగు తిట్లు తిట్టింది. ఆ పూట భూమయ్య ఆమెను పెరట్లోకి పోనివ్వలేదు. బంతిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె అన్నం తింటుంటే ఎవరూ ఆమె దిక్కు చూడలేదు, చూస్తే లేచిపోతుందేమోనని.

సమ్మె గురించి చెప్పుకునేటప్పుడు సభలు చెబుతారు, ఊరేగింపులు చెబుతారు, జైళ్లకు పోయిన వాళ్ల పేర్లు చెబుతారు. చెప్పాలి కూడా. ఈ కథ చదివిన మీరు, మీ ఇంట్లో బియ్యం కొలిచే వేళ మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఎంతమందికి కొలుస్తున్నారో, ఎంతమంది తింటున్నారో చూసుకోండి. అప్పుడు సిరిసిల్ల రుక్కమ్మను ఒక్కసారి యాది చేసుకోండి.